హిస్టరీ చెరిపాక ఇంటి కంప్యూటర్‌లో మిగిలేదేమిటి?

సంక్షిప్తంగా: బ్రౌజర్‌లో హిస్టరీ పేరుతో కనిపించే జాబితా ఒక్కటే. చూసిన సైట్ల జాడలు మాత్రం బ్రౌజర్ డేటాబేసుల్లో, విండోస్ సొంత రికార్డుల్లో, డిస్క్ మీద ఖాళీ అనుకునే చోట, ఆన్‌లైన్ ఖాతాల్లో విడివిడిగా ఉంటాయి. ఒకచోట చెరిపినంత మాత్రాన మరోచోట చెరగవు. నలుగురు వాడే కంప్యూటర్‌కు కావలసిన జాగ్రత్త వేరు, అమ్మబోయే కంప్యూటర్‌కు కావలసిన జాగ్రత్త వేరు. దాగిన ఫైళ్లను వెతికి పట్టుకుని చేత్తో తొలగించడం చాలాసార్లు అనవసరం, కొన్నిసార్లు నష్టం కూడా.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇస్తున్న సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 భద్రతా సదుపాయం, కొంత కొత్త ప్రాసెసర్ ఉండాలి. అవి లేని పాత కంప్యూటర్లు ఇంకా బాగానే పనిచేస్తున్నా, ఉంచుకోవాలా, మార్చుకోవాలా అన్న ప్రశ్న చాలా ఇళ్లకు వచ్చింది. మార్చుకోవాలనుకోగానే దాని వెంట ఇంకో ప్రశ్న వస్తుంది: ఇన్నేళ్లుగా ఇందులో చూసినవన్నీ ఏమవుతాయి?

విజయవాడ, గుంటూరు మధ్యతరగతి ఇళ్లలో కంప్యూటర్ సాధారణంగా ఒక్కరి సొత్తు కాదు. పెద్దబ్బాయి ఇంజనీరింగ్ చదువుకు కొన్నది, తర్వాత చెల్లెలి ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లకు, తండ్రి ఆదాయపు పన్ను రిటర్నుకు, మిర్చి వ్యాపారం చేసే బాబాయి బ్యాంకు లావాదేవీలకు పనికొస్తుంది. తరచూ అందరూ ఒకే విండోస్ ఖాతాలో, పాస్‌వర్డ్ కూడా లేకుండా పని కానిస్తారు. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మీటలు కలిపి నొక్కి హిస్టరీ చెరిపేశాక కూడా ఏదో ఒక మూల నుంచి పాత సైటు పేరు బయటపడితే, కంప్యూటర్ తమకు తెలియకుండా ఏదో దాస్తోందన్న అనుమానం కలుగుతుంది. ఆ అనుమానంలో కొంత నిజం ఉంది, కొంత పాతకాలపు భయం ఉంది.

దాగిన ఫైలు భయం ఎక్కడిది?

ఈ భయానికి మూలం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. ఆ బ్రౌజర్ తొమ్మిదో వెర్షన్ వరకు, చూసిన చిరునామాలను, కుకీలను (వాడుకరిని గుర్తుపట్టడానికి సైట్లు పెట్టే చిన్న నమోదులు), క్యాష్‌లో (మళ్లీ వేగంగా చూపడానికి ఉంచుకునే నిల్వలో) దాచుకున్న పేజీల వివరాలను ‘index.dat’ అనే ఫైళ్లలో రాసేది. ఇవి ఒకటి కాదు, వేర్వేరు ఫోల్డర్లలో అనేకం ఉండేవి. వాటిని ఫైలు జాబితాలో కనబడని సిస్టమ్ ఫైళ్లుగా గుర్తించి ఉంచేవారు. విండోస్ నడుస్తున్నంత సేపు అవి తెరిచే ఉండేవి కాబట్టి తొలగించబోతే, ఫైలు వాడుకలో ఉందంటూ కంప్యూటర్ నిరాకరించేది. అన్నిటికంటే ముఖ్యం, హిస్టరీ చెరిపినప్పుడు ఆ ఫైలు చిన్నదయ్యేది కాదు. పాత నమోదులను పనికిరానివిగా గుర్తించి, ఆ చోటును తర్వాతి నమోదుల కోసం అట్టిపెట్టేది. ఆ చోటు మళ్లీ నిండేదాకా పాత చిరునామా అక్షరాలు ఫైలులోనే ఉండేవి.

కనబడని ఫైలు, తొలగించనివ్వని ఫైలు, చెరిపినా చెరగని ఫైలు. ఈ మూడూ ఒకటైతే ఎవరికైనా గూఢచర్యమే గుర్తుకొస్తుంది. అసలు కారణం అంత నాటకీయమైనది కాదు. ఒక పేజీ మళ్లీ అడిగితే వేగంగా చూపడానికి బ్రౌజర్‌కు ఒక సూచిక కావాలి. ప్రతి చిన్న మార్పుకూ ఆ సూచికను మొత్తంగా తిరగరాస్తే అప్పటి డిస్కులు మోయలేవు. వేగం కోసం చేసిన ఏర్పాటు గోప్యతకు చేటు తెచ్చింది. ఈ విషయాన్ని వాడుకరికి సరిగా చెప్పకపోవడం మాత్రం ఆ బ్రౌజర్ తయారీదారుల లోపమే.

2012లో వచ్చిన పదో వెర్షన్‌తో ఆ ఫైళ్ల స్థానంలో ‘వెబ్‌క్యాష్’ అనే ఒకే డేటాబేస్ వచ్చింది. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే మైక్రోసాఫ్ట్ సెలవు ఇచ్చింది. అయినా ఆ ఫైళ్లను ఎలా తొలగించాలో చెప్పే పాత సలహాలు నేటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ వాడే కంప్యూటర్‌లో వాటిని పాటించి ప్రయోజనం లేదు.

ఇప్పటి బ్రౌజర్లు రాసేది ఎక్కడ?

విండోస్‌లో ప్రతి వాడుకరి ఫోల్డర్‌లోనూ ‘యాప్‌డేటా’ అనే ఫోల్డర్ ఉంటుంది. మామూలుగా అది కనబడదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో దాగినవాటిని చూపమని ఎంచుకుంటే కనబడుతుంది. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడూ తమ సరంజామా అక్కడే పెట్టుకుంటాయి. 2020 జనవరి నుంచి ఎడ్జ్ కూడా క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం మీదే నడుస్తోంది కాబట్టి ఆ రెండింటి అమరిక దాదాపు ఒకటే.

క్రోమ్ ప్రొఫైల్ ఫోల్డర్‌లో ‘హిస్టరీ’ అనే పేరుతోనే ఒక ఫైలు ఉంటుంది. అది ఎస్‌క్యూలైట్ రకం డేటాబేస్. ఒక పట్టికలో చిరునామా, పేజీ శీర్షిక, ఎన్నిసార్లు చూశారన్న లెక్క ఉంటాయి. ఇంకో పట్టికలో ఒక్కొక్క సందర్శన సమయం, చిరునామా టైపు చేశారా లేక లింకు నొక్కి వచ్చారా అన్న వివరం ఉంటాయి. ఈ జాబితాను క్రోమ్ సుమారు 90 రోజులే ఉంచి, అంతకంటే పాతవి తనంతట తానే తీసేస్తుంది. అయిదేళ్ల నాటి చిరునామా ఏదైనా బయటపడితే అది ఈ ఫైలు నుంచి కాదు, మరెక్కడి నుంచో వచ్చిందని అర్థం.

ఆ ‘మరెక్కడో’ చాలా చోట్లు. కుకీలు వేరే ఫైలులో ఉంటాయి. ఫారాల్లో నింపిన పేర్లు, చిరునామాలు ఒకచోట, దాచిన పాస్‌వర్డులు ఇంకోచోట. బొమ్మలు, పేజీ భాగాలు క్యాష్‌లో ఉంటాయి. కొన్ని సైట్లు తమ సమాచారాన్ని ‘ఇండెక్స్‌డ్ డీబీ’ అనే అరలో దాచుకుంటాయి. క్రోమ్‌లో ఆ అరలోని ఫోల్డర్లకు సైటు పేరే పేరుగా ఉంటుంది. కాబట్టి చెరిపేటప్పుడు హిస్టరీకి మాత్రమే టిక్కు పెట్టి, కుకీలు, సైటు డేటా వదిలేస్తే జాబితా ఖాళీ అవుతుంది గానీ సైటు పేరు ఫోల్డర్ రూపంలో అలాగే ఉంటుంది.

పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. చెరిపే పెట్టెలో కాలవ్యవధి ఎంచుకోవాలి. ‘గత గంట’ మీద ఉన్నదాన్ని ‘మొత్తం కాలం’కు మార్చకుండా మీట నొక్కితే నిన్నటివన్నీ భద్రంగా ఉంటాయి. పైగా చెరిపేది ఆ బ్రౌజర్‌లో, ఆ ప్రొఫైల్‌లో ఉన్నదాన్నే. ఇంట్లో అందరూ క్రోమ్ వాడుతున్నా, టాస్క్‌బార్ వెతుకుడు పెట్టెలో ఏదైనా రాసి వెబ్ ఫలితం నొక్కితే అది మామూలుగా ఎడ్జ్‌లో తెరుచుకుంటుంది. ఎవరూ వాడడం లేదనుకున్న ఎడ్జ్‌లో హిస్టరీ పోగుపడేది అలాగే.

చేత్తో ఫైళ్లు తొలగించేవారు ఫైర్‌ఫాక్స్ విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి. అందులో హిస్టరీ, బుక్‌మార్కులు రెండూ ‘ప్లేసెస్’ అనే ఒకే డేటాబేస్‌లో ఉంటాయి. హిస్టరీ పోవాలని ఆ ఫైలును తీసేస్తే ఏళ్ల తరబడి దాచుకున్న బుక్‌మార్కులూ పోతాయి. బ్రౌజర్ ఇచ్చిన మీట నొక్కితే ఒకదాన్ని ఉంచి మరొకదాన్ని తీస్తుంది. చేతికి ఆ విచక్షణ ఉండదు.

బ్రౌజర్ దాటి

బ్రౌజర్ తన వంతు పని శుభ్రంగా చేసినా, విండోస్ తన లెక్క తాను రాసుకుంటుంది. దిగుమతి చేసిన ఫైలు మంచి ఉదాహరణ. బ్రౌజర్ డౌన్‌లోడ్ల జాబితా చెరిపితే జాబితా మాత్రమే పోతుంది, ఫైలు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో అమర్చిన డిస్క్‌లో ఆ ఫైలు వెంట కనబడని చిన్న చీటీ ఒకటి ఉంటుంది. ఫైలు ఇంటర్నెట్ నుంచి వచ్చిందని గుర్తించి హెచ్చరించడం కోసం పుట్టిన చీటీ అది. విండోస్ 10 కాలం నుంచి అందులో ఫైలు ఏ చిరునామా నుంచి వచ్చిందో కూడా తరచూ నమోదవుతోంది. హాల్‌టికెట్ పీడీఎఫ్ అయినా, వైద్య పరీక్ష నివేదిక అయినా తన పుట్టుక చిరునామాను మోసుకునే తిరుగుతుంది. అదే ఫైలును ఎఫ్ఏటీ 32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే ఆ చీటీ రాలిపోతుంది, ఎందుకంటే ఆ పద్ధతిలో దానికి చోటు లేదు.

ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితా మరో జాడ. సైటు పేరును ఐపీ చిరునామాగా (నెట్‌లో దాన్ని గుర్తించే అంకెలుగా) మార్చిన వివరాలను విండోస్ కాసేపు గుర్తుంచుకునే డీఎన్ఎస్ క్యాష్ ఇంకొకటి. ఇది కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే పోతుంది కనుక దాని గురించి ప్రత్యేకంగా శ్రమపడనవసరం లేదు. సిస్టమ్ రిస్టోర్ కోసం విండోస్ తీసి పెట్టుకునే పాత ప్రతుల్లో, బయటి డిస్క్‌లోకి తీసుకున్న బ్యాకప్‌లలో చెరపక ముందు నాటి హిస్టరీ ఫైలు అలాగే ఉండే అవకాశం ఉంది.

చెరిపితే డిస్క్ మీద ఏమి జరుగుతుంది?

గుంటూరు శీతల గిడ్డంగి రిజిస్టర్‌లో ఒక రైతు పేరు కొట్టేసినంత మాత్రాన లోపలి మిర్చి టిక్కీలు బయటికి నడిచిపోవు. ఆ అరలో కొత్త సరుకు దించేదాకా అవి అక్కడే ఉంటాయి. పాత రకం హార్డ్ డిస్క్‌లో ఫైలు తొలగించడం సరిగ్గా ఇలాంటిదే. రీసైకిల్ బిన్ ఖాళీ చేసినప్పుడు విండోస్ ఆ ఫైలు ఆక్రమించిన చోటు ఖాళీ అని సూచికలో రాసుకుంటుంది. అక్షరాలను తుడవదు. ఆ చోట కొత్త సమాచారం పడేలోపు, ఫైళ్లను తిరిగి రాబట్టే సాఫ్ట్‌వేర్‌తో వెతికితే పాతది దొరకవచ్చు.

ఎస్‌క్యూలైట్ డేటాబేస్ లోపల కూడా ఇలాంటి స్వభావమే ఉంది. ప్రత్యేకంగా ఆదేశించకపోతే, తీసేసిన వరుస ఉన్న చోటును ఖాళీగా గుర్తించి వదిలేస్తుంది. వెంటనే సున్నాలు నింపే అమరిక ఉంది గానీ దాన్ని ఎంచుకోవలసింది ఆ డేటాబేస్‌ను వాడే సాఫ్ట్‌వేర్ తయారీదారు.

సమాచారాన్ని తిరిగే పళ్లాల బదులు చిప్‌లలో దాచే ఎస్ఎస్‌డీ విషయం వేరు. ఫైలు తొలగించగానే విండోస్ ‘ట్రిమ్’ అనే ఆదేశం పంపి, ఈ చోటు ఇక అక్కరలేదని డిస్క్‌కు చెబుతుంది. విండోస్ 7 నుంచి ఈ ఏర్పాటు ఉంది. ఆ తర్వాత డిస్క్ తన వీలునుబట్టి ఆ చోటును నిజంగానే ఖాళీ చేసుకుంటుంది. అందువల్ల ఎస్ఎస్‌డీలో తొలగించిన ఫైలును రాబట్టడం హార్డ్ డిస్క్ కంటే చాలా కష్టం. హార్డ్ డిస్క్‌లో ఖాళీ చోటును మూడు విడతలుగా తిరగరాసే ‘సైఫర్’ అనే ఆదేశం విండోస్‌లోనే ఉంది. ఎస్ఎస్‌డీ మీద అదే పని చేస్తే దక్కే లాభం తక్కువ, అరుగుదల ఎక్కువ.

చెరిపాక కూడా సూచనలు ఎందుకు?

కంప్యూటర్‌లో అంతా ఖాళీ చేశాక కూడా చిరునామా పెట్టెలో రెండు అక్షరాలు కొట్టగానే పాత వెతుకులాట ప్రత్యక్షమైతే, దాగిన ఫైలు ఇంకా ఏదో ఉందనుకోవడం సహజం. ఎక్కువ సందర్భాల్లో అది కంప్యూటర్‌లోంచి రావడం లేదు. గూగుల్ ఖాతాతో లాగిన్ అయి ఉంటే, వెతికిన మాటలు ఆ ఖాతాలోని ‘వెబ్, యాప్ కార్యకలాపం’ అనే విభాగంలో విడిగా చేరతాయి. యూట్యూబ్‌లో చూసినవి ఇంకో విభాగంలో ఉంటాయి. బ్రౌజర్ హిస్టరీ చెరపడానికీ వీటికీ సంబంధం లేదు. ఖాతా పేజీలోకి వెళ్లి విడిగా తొలగించాలి. 3, 18 లేదా 36 నెలలు దాటినవి వాటంతటవే పోయేలా అక్కడ అమర్చుకోవచ్చు. 2020 జూన్ తర్వాత కొత్తగా తెరిచిన ఖాతాల్లో వెబ్, యాప్ కార్యకలాపానికి 18 నెలల గడువు ముందే అమర్చి ఉంటుంది. అంతకు ముందు తెరిచినవాటిలో వాడుకరే ఎంచుకోవాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఒకే ఖాతా ఉన్న పరికరాల సమాచారాన్ని కలిపి ఉంచే క్రోమ్ సింక్ పెట్టుకున్నవారు కంప్యూటర్‌లో హిస్టరీ చెరిపితే అదే ఖాతా ఉన్న ఫోనులోనూ పోతుంది. తండ్రి ఖాతాతో నడిచే కంప్యూటర్‌లో పిల్లలు హిస్టరీ చెరిపినప్పుడు, తండ్రి ఫోనులో ఆయనకు కావలసిన లింకులు మాయమయ్యేది ఇందుకే.

ఇన్‌కాగ్నిటో విండో గురించి ఉన్న నమ్మకం కూడా ఇలాగే సగం నిజం. విండో మూసేశాక హిస్టరీని, కుకీలను అది ఆ కంప్యూటర్‌లో మిగల్చదు. సైటుకు, ఇంటర్నెట్ ఇచ్చే సంస్థకు మాత్రం అది అడ్డుగోడ కాదు. ఇన్‌కాగ్నిటోలో ఉన్నవారి సమాచారం సేకరించారంటూ 2020లో అమెరికాలో గూగుల్ మీద దావా పడింది. 2024లో కుదిరిన రాజీలో వందల కోట్ల రికార్డులను తొలగించడానికి ఆ సంస్థ ఒప్పుకుంది. ఇంటికి ఏపీ ఫైబర్‌నెట్ ఉన్నా, ప్రైవేటు కనెక్షన్ ఉన్నా, ఏ ఐపీ చిరునామాకు ఎప్పుడు అనుసంధానం జరిగిందన్న రికార్డులను కనీసం రెండేళ్లు ఉంచాలని 2021 డిసెంబరులో టెలికాం శాఖ లైసెన్సు నిబంధనలను సవరించింది. ఆ రికార్డు ఇంట్లో ఏ మీట నొక్కినా చెరగదు.

ఒక్క క్లిక్కుతో శుభ్రం చేస్తామనేవి

ఇన్ని చోట్లు తిరగలేక, అన్నీ ఒకేసారి తుడిచేస్తామనే సాఫ్ట్‌వేర్లను ఆశ్రయించేవారు ఉన్నారు. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కు కంప్యూటర్ మొత్తం మీద అధికారం ఇవ్వవలసి వస్తుంది. దాని ప్రమాదం ఎంతటిదో 2017లో తెలిసింది. ఈ రంగంలో పేరున్న సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకి ఎవరో హానికర కోడ్ చొప్పించారు. అది తయారీదారు సర్వర్ నుంచే సుమారు 22.7 లక్షల మంది కంప్యూటర్లకు చేరింది. పేరున్న సంస్థ పరిస్థితే అదైతే, ఊరూపేరూ లేని క్లీనర్‌ను, అందులోనూ క్రాక్ చేసిన ప్రతిని ఎక్కించుకోవడం గోప్యత కోసం ఇంటి తాళాన్ని అపరిచితుల చేతిలో పెట్టడమే. బ్రౌజర్‌లో ఉన్న మీట, విండోస్‌లోని స్టోరేజ్ అమరికలు ఇంటి అవసరాలకు సరిపోతాయి.

నలుగురు వాడే కంప్యూటర్‌లో

ఇంట్లో ఒకరి కంట ఒకరి హిస్టరీ పడకూడదనేదే అసలు కోరికైతే, చెరపడం సరైన పరిష్కారం కాదు. ఆ కోరిక తప్పు కూడా కాదు. ఇంటర్ చదివే అమ్మాయి ఆరోగ్య సందేహం వెతుక్కున్నా, అమ్మ బంగారు రుణం వడ్డీ చూసుకున్నా అది అందరికీ తెలియనక్కరలేదు. విండోస్‌లో ఒక్కొక్కరికీ ఒక్కో ఖాతా తెరిస్తే ఒక్కొక్కరి యాప్‌డేటా ఫోల్డర్ విడిగా ఉంటుంది. సాధారణ ఖాతాలో ఉన్నవారు ఇంకొకరి ఫోల్డర్‌ను తెరవలేరు. అడ్మినిస్ట్రేటర్ ఖాతా మాత్రం తెరవగలదు కాబట్టి రోజువారీ పనికి ఎవరూ దాన్ని వాడకుండా ఉండడం మంచిది. క్రోమ్‌లో వేర్వేరు ప్రొఫైళ్లు పెట్టుకోవడం సౌకర్యమే గానీ రక్షణ కాదు. ఒకే విండోస్ ఖాతాలో ఉన్నంత కాలం ఒక ప్రొఫైల్ నుంచి ఇంకో ప్రొఫైల్‌లోకి వెళ్లడం చిటికెలో పని.

ఎడ్జ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ బ్రౌజర్ మూసిన ప్రతిసారీ హిస్టరీ దానంతటదే పోయేలా అమర్చుకోవచ్చు. చుట్టపుచూపుగా వచ్చినవారికి కంప్యూటర్ ఇచ్చేటప్పుడు గెస్ట్ విండో చాలు.

ఒక హెచ్చరిక ఇక్కడ అవసరం. ఇదంతా మామూలు గోప్యతకు సంబంధించినది. సాక్ష్యంగా హాజరుపరచవలసిన ఎలక్ట్రానిక్ రికార్డును, అది అందకుండా చేయాలన్న ఉద్దేశంతో తొలగించడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద నేరం. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోగొట్టుకున్నవారు కూడా సిగ్గుపడి హిస్టరీ చెరిపేసుకుంటే తమ ఫిర్యాదుకు పనికొచ్చే ఆధారాన్ని తామే పోగొట్టుకున్నట్టు. ముందు 1930 నంబరుకు ఫోను చేయాలి, చెరిపే పని తర్వాత.

అమ్మే ముందు

పాత కంప్యూటర్ చేతులు మారేటప్పుడు చాలామంది భయం చూసిన సైట్ల జాబితా గురించే. నిజమైన ముప్పు జాబితా కాదు, దాచిన పాస్‌వర్డులు, లాగిన్ కుకీలు. కుకీ బతికి ఉంటే మెయిల్ ఖాతా పాస్‌వర్డ్ అడగకుండానే తెరుచుకోవచ్చు. మెయిల్ చేతికి చిక్కితే మిగతా ఖాతాల పాస్‌వర్డులు మార్చడానికి దారి దొరుకుతుంది. అందుకే కంప్యూటర్ ఇవ్వకముందే బ్రౌజర్లలో ఖాతాల నుంచి లాగౌట్ కావాలి. ఫోను నుంచి గూగుల్ ఖాతా తెరిచి, పరికరాల జాబితాలోంచి ఆ కంప్యూటర్‌ను తొలగించాలి.

తర్వాతిది ఫార్మాట్. విజయవాడ గవర్నర్‌పేటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో దుకాణంలో ఇచ్చి ‘ఫార్మాట్ కొట్టిస్తే’ సరిపోతుందన్న నమ్మకం బలంగా ఉంది. సాధారణంగా అక్కడ జరిగేది సీ డ్రైవ్‌లో కొత్త విండోస్ ఎక్కించడం. ఫొటోలు, స్కాన్ చేసిన ఆధార్ కాపీలు ఉన్న డీ డ్రైవ్ అలాగే ఉంటుంది. సీ డ్రైవ్‌నైనా ఫార్మాట్ చేయకుండా పైనే ఎక్కిస్తే, పాత వాడుకరి ఫోల్డర్లన్నీ, యాప్‌డేటాతో సహా, ‘విండోస్ డాట్ ఓల్డ్’ అనే ఫోల్డర్‌లోకి చేరతాయి. ఫార్మాట్ చేసినా అది క్విక్ ఫార్మాట్ అయితే హార్డ్ డిస్క్‌లో సూచిక మాత్రమే కొత్తదవుతుంది.

ఇంతకంటే నమ్మదగిన దారి విండోస్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లోని ‘రీసెట్’ విభాగంలో అన్నీ తొలగించమని ఎంచుకుని, అదనపు అమరికల్లో డ్రైవ్ మొత్తాన్ని శుభ్రం చేయమని, అన్ని డ్రైవులకూ వర్తింపజేయమని చెప్పాలి. పెద్ద హార్డ్ డిస్క్ అయితే గంటల సమయం పడుతుంది కాబట్టి ల్యాప్‌టాప్‌కు చార్జర్ పెట్టి ఉంచాలి. బిట్‌లాకర్ వంటి ఎన్‌క్రిప్షన్ మొదటి నుంచీ ఉన్న కంప్యూటర్‌కు ఈ పని మరింత తేలిక. డిస్క్ మీద ఉన్నదంతా సంకేత భాషలోనే ఉంటుంది కనుక, రీసెట్‌తో పాత తాళంచెవి పోయాక మిగిలిన అక్షరాలు ఎవరికీ అర్థం కావు.

అసలు ఆన్ కాని కంప్యూటర్ల సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు ఇంటి సామాను రోజుల తరబడి నీళ్లలో ఉంది. అలా తడిసి మదర్‌బోర్డు పాడైన కంప్యూటర్‌లోనూ హార్డ్ డిస్క్ లోపలి పళ్లాలు చెక్కుచెదరకుండా ఉండవచ్చు, సమాచారం రాబట్టేవారు దాన్ని చదవగలగవచ్చు. పాత సామాను కింద తూకానికి వేసే ముందు పక్క పలక విప్పితే డిస్క్ నాలుగు మరలతో, రెండు తీగలతో ఊడి వస్తుంది. దాన్ని ఇంట్లోనే ఉంచుకోవచ్చు. అక్కరలేదనుకుంటే హార్డ్ డిస్క్‌కు డ్రిల్లుతో పళ్లాల గుండా రంధ్రాలు వేయించి, ఎస్ఎస్‌డీ అయితే లోపలి చిప్‌లను పగలగొట్టి, ఆ తర్వాతే ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వాలి.